బొమ్మ ఉంది, మాట లేదు

"బొమ్మ ఉందండీ, మాట లేదు."

నలుపు తెలుపు టీవీల రోజుల్లో రిపేరు షాపు గుమ్మం ఎక్కినవాళ్ళలో చాలామంది ఇలాగే మొదలుపెట్టేవారు. తెనాలి గాంధీచౌక్ దగ్గర ఒక సందులో అలాంటి షాపు ఉండేది. ఇంటర్ చదివే రోజుల్లో రెండు వేసవి సెలవులు నేను అక్కడే గడిపాను. స్క్రూలు విప్పడం, దుమ్ము దులపడం, టీలు తేవడం నా పని. షాపాయన్ని అందరూ రేడియో మాస్టారు అనేవారు. వాల్వు రేడియోల కాలం నుంచీ సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్న మనిషి.

మాట లేదన్న వాళ్ళని మాస్టారు అంతటితో వదిలేవారు కాదు. "అసలేమీ రావట్లేదా, ఏదన్నా వస్తోందా? గుర్రుమంటోందా, బుస్సుమంటోందా? సౌండు తగ్గిస్తే అది కూడా తగ్గుతోందా?" అని అడిగేవారు. కొందరు విసుక్కునేవారు, బాగుచేయమంటే ఈ ప్రశ్నలేంటని. కొందరు మాత్రం చక్కగా చెప్పేవారు. ఒకసారి ఒకావిడ "ముక్కు మూసుకుని మాట్లాడినట్టు వస్తోందండీ, వార్తలు చదివేవాళ్ళంతా జలుబు చేసినట్టున్నారు" అంది. టీవీ ఇంకా వాళ్ళింట్లోనే ఉంది. మాస్టారు డ్రాయరు లాగి 470 కండెన్సరు (కరెంటుని కాసేపు దాచుకునే చిన్న పార్టు) ఒకటి నా చేతిలో పెట్టారు. "ఒరేయ్ అబ్బాయ్, ప్లగ్గు పీకి, స్పీకరు వైరు ఎక్కడికి పోతోందో చూడు. ఆ దారిలో ఇలాంటిదే ఉంటుంది. అది మార్చి రా." సైకిలేసుకెళ్ళి మార్చాను. జలుబు తగ్గింది.

అప్పట్లో అది నాకు గారడీలా అనిపించింది. ఇప్పుడు లెక్కేస్తే మూడు అంకెల పని. ఆంప్లిఫయర్‌కీ స్పీకరుకీ మధ్య ఉండే ఆ కండెన్సరు విలువ 470 మైక్రోఫారడ్‌లు, స్పీకరు 8 ఓమ్‌లు అనుకుంటే, పైనుంచి కిందికి దాదాపు 42 హెర్ట్జ్ దాకా అన్ని స్వరాల్నీ అది స్పీకరుకి పంపుతుంది. లోపలి ద్రవం ఎండిపోయి విలువ 10కి దిగిందంటే, 2000 హెర్ట్జ్‌కి కింద ఉన్నదంతా సన్నబడిపోతుంది. మనిషి గొంతులో బరువంతా ఉండేది ఆ కిందే. మిగిలేది ముక్కుతో మాట్లాడే గొంతు. అంటే ఆవిడ చెప్పిన ఉపమానంలోనే కండెన్సరు చిరునామా ఉంది. మాస్టారు చేసిందల్లా దాన్ని చదవడం.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పాత టీవీలు బాగుచేయడం ఈమధ్య ఒక సరదాగా మారింది. మంచిదే. కానీ వీడియోల్లో అందరూ చెప్పే మొదటి సలహా చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది: "ముందు కండెన్సర్లన్నీ మార్చేయండి, తర్వాత చూద్దాం." సౌండు రాకపోతే కండెన్సర్లు. అప్పటికీ రాకపోతే ఐసీలు, అంటే ఎన్నో పార్టులు ఒకే ముక్కలో ఇమిడిన చిప్పులు. అప్పటికీ రాకపోతే సెట్టు పనికిరాదు. జ్వరమొచ్చినవాడికి మందుల షాపులో ఉన్నవన్నీ తలా ఒకటి మింగించినట్టుంటుంది ఈ వైద్యం. నా వాదన ఒక్కటే. పాత టీవీలో సౌండు చెడితే ఒక్క పార్టు కూడా మార్చకముందే ఆ చెడ్డ సౌండుని కూర్చుని వినాలి, దానికొక పేరు పెట్టాలి. బొమ్మ చెడితే ఇంత వెసులుబాటు ఉండదు. మాట చెడినప్పుడు మాత్రం జబ్బు తానే నోరు విప్పుతుంది.

దానికి పేర్లు పెట్టడానికి తెలుగుని మించిన పరికరం లేదని కూడా నేనంటాను. గుర్రు, బుస్సు, బర్రు, కరకర, చిటపట, కీచు, బొంగురు. ఇవన్నీ వేరువేరు జబ్బులు, వేరువేరు చోట్లు. ఇంగ్లిషు మాన్యువల్ చదివి "సౌండ్ డిస్టార్షన్" అని రాసుకున్నవాడికంటే "కరకరలాడుతోంది" అన్న అవ్వే మెకానిక్‌కి ఎక్కువ చెప్పింది.

నీతులు చెప్పేవాడు తన సంగతీ చెప్పాలి కాబట్టి, ఈ సూత్రాన్ని మరిచి నేనే ఎలా బోర్లాపడ్డానో చెప్తాను.

మా నాన్న 1986లో కొన్న 20 అంగుళాల టీవీ మాది. చెక్క డబ్బా, ముందు రెండువైపులకీ జరిగే షట్టరు, దానికో తాళం. రంగుల ప్రసారాలు 1982లోనే మొదలైనా, మాలాంటి ఇళ్ళలో చాలా ఏళ్ళపాటు నలుపు తెలుపే. అమ్మ హైదరాబాద్ మా ఇంటికి వచ్చేస్తూ ఎవరెంత చెప్పినా వినకుండా దాన్నీ లారీ ఎక్కించింది. కొన్నేళ్ళు అటక మీద ఉంది. పోయినేడు కిందికి దించాను.

నేరుగా ప్లగ్గులో పెట్టలేదు, అంతవరకు బుద్ధి ఉంది. 100 వాట్ల బల్బుని సిరీస్‌లో పెట్టి స్విచ్ వేశాను. లోపల ఎక్కడైనా షార్టు ఉంటే బల్బు భగ్గుమని వెలుగుతుంది, సెట్టు కాలిపోకుండా ఆగుతుంది. నా బల్బు ఒక్క క్షణం వెలిగి మసకబారింది. షార్టు లేదన్న ధైర్యంతో బల్బు తీసేసి మళ్ళీ ఆన్ చేశాను. నిమిషంలోపే తెర మీద గీతలు. ఇప్పుడు గాలిలో ఆ పాత ప్రసారాలు లేవు కాబట్టి ఒక మీడియా ప్లేయరు, దానికి ఆన్‌లైన్‌లో కొన్న ఆర్‌ఎఫ్ మాడ్యులేటరు (బొమ్మనీ మాటనీ పాత టీవీకి అర్థమయ్యే ఛానెల్ సిగ్నల్‌గా మార్చే డబ్బా) తగిలించాను. అద్దంలాంటి బొమ్మ వచ్చింది. మాట రాలేదు. చెవి ఆనిస్తే సన్నగా "స్స్‌స్స్".

ఆ "స్స్‌స్స్" నేను విన్నాను. విని కూడా లెక్కచేయలేదు. నా తప్పంతా అక్కడుంది.

అలవాటు ప్రకారం వాల్యూమ్ కంట్రోల్ మధ్య కాలు మీద స్క్రూడ్రైవరు మొన ఆనించి, దాని ఇనుము మీద వేలు పెట్టాను. (మా సెట్టులో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది కాబట్టి చేశాను. ట్రాన్స్‌ఫార్మర్ లేని సెట్లలో చాసిస్‌కే, అంటే లోపలి చట్రానికే కరెంటు ఉంటుంది. వాటిలో ఈ వేళాకోళం చేస్తే మనకే మాట పోతుంది.) మన ఒంట్లో ఎప్పుడూ ఉండే కరెంటు గుర్రు ఆంప్లిఫయర్‌లోకి వెళ్ళి స్పీకర్లో పెద్దగా వినపడాలి. వినపడితే అక్కణ్ణుంచి స్పీకరు దాకా అంతా బాగున్నట్టు. నాకు వినపడలేదు. "ఆంప్లిఫయర్ పోయింది" అని తీర్పు చెప్పేసి బండి తీసుకుని కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళాను. మా సెట్టులో ఆంప్లిఫయర్ పని చేసే టీబీఏ 810 ఐసీ అడిగితే కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి లోపలికెళ్ళి, దుమ్ము పట్టిన డబ్బాలోంచి ఒకటి తీసిచ్చాడు.

దీన్ని ఊడదీయడం మామూలు పని కాదు. పన్నెండు కాళ్ళు, అటూ ఇటూ వేడిని లాగేసుకునే రెండు రెక్కలు. ఆ రెక్కలు బోర్డు మీది రాగి మైదానానికి అతికి ఉంటాయి. ఐరన్ పెట్టినకొద్దీ వేడి రాగిలోకి జారిపోతుంది, సోల్డరు కరగదు. మొండిగా ఇంకాసేపు పట్టాను. నలభయ్యేళ్ళ నాటి గోధుమరంగు బోర్డు కదా, రెక్క పక్కనున్న సన్నటి రాగి దారి ఉల్లిపొరలా లేచొచ్చింది. దానికి వైరు ముక్కతో అతుకు. కొత్త ఐసీ వేసి ఆన్ చేస్తే అదే "స్స్‌స్స్".

అప్పుడు కూర్చుని మొట్టమొదట చేయాల్సిన పని చేశాను. ఐసీ ఒకటో కాలు మీద 12 వోల్టులు. పన్నెండో కాలు, అంటే స్పీకరుకి వెళ్ళే కాలు మీద 6. ఈ ఐసీ ఆరోగ్యంగా ఉంటే ఊరికే ఉన్నప్పుడు తనకిచ్చిన వోల్టేజిలో సరిగ్గా సగం దగ్గర నిలబడుతుంది. పాత ఐసీ మీద ఈ రెండు కొలతలు తీయడానికి పట్టేది ఒక్క నిమిషం. ఎనిమిదో కాలు, అంటే ఆంప్లిఫయర్ లోపలికొచ్చే దారి మీద స్క్రూడ్రైవరు ఆనిస్తే "బుర్ర్‌ర్" అని గది అదిరింది. పాతది తెచ్చి మళ్ళీ అతికించి చూసే ఓపిక లేదు గానీ, అది పోలేదని నాకు నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు నమ్మకం.

మరి వాల్యూమ్ కంట్రోల్ మీద ఎందుకు పలకలేదు? ఎందుకంటే మా సెట్టులో మాట ఆ కంట్రోల్ గుండా పోదు. మాటని విడదీసే సీఏ 3065 అనే ఐసీలోనే సౌండు పెంచే తగ్గించే ఏర్పాటుంది. బయటి వాల్యూమ్ కంట్రోల్ దానికి డీసీ వోల్టేజి మాత్రమే అందిస్తుంది, ఫ్యాను రెగ్యులేటరు తిప్పినట్టు. అక్కడ వేలు పెట్టడమంటే నీళ్ళు లేని పైపుకి చెవి పెట్టడమే. మామూలు కంట్రోల్ ఉన్న రేడియోల మీద నేర్చుకున్న కిటుకుని ఇక్కడ గుడ్డిగా వాడాను. ఏ దారిన పోతోందో తెలియకుండా దారిలో కాపలా కాశానన్నమాట.

దారి గురించి రెండు ముక్కలు చెప్పాలి. గాలిలోంచి టీవీకి వచ్చేవి రెండు సిగ్నళ్ళు, బొమ్మ ఒకటి, మాట ఒకటి. మన దేశపు పద్ధతిలో వాటి మధ్య దూరం 5.5 మెగాహెర్ట్జ్. నాలుగో ఛానెల్ తీసుకుంటే బొమ్మ 62.25 దగ్గర, మాట 67.75 దగ్గర. యాంటెన్నా, ఛానెల్ పట్టే ట్యూనరు, సిగ్నల్‌ని పెంచే ఐఎఫ్ దాకా రెండూ ఒకే బండిలో వస్తాయి. సిగ్నల్‌లోంచి బొమ్మని బయటికి తీసే వీడియో డిటెక్టరు దగ్గర ఆ రెండూ ఒకదానితో ఒకటి రాసుకుని, వాటి తేడా అయిన 5.5 పుడుతుంది. మాట దాని మీదెక్కి పక్కదారి పడుతుంది. కాబట్టి బొమ్మ బాగుందంటే, ఆ చీలిక దాకా ఉన్న సగం టీవీని అనుమానించాల్సిన పనే లేదు. "బొమ్మ ఉంది, మాట లేదు" అన్న నాలుగు మాటల్లోనే సగం రిపేరు అయిపోయిందని మాస్టారు అనేది ఇందుకే. కండెన్సర్లన్నీ మార్చేవాళ్ళు ఈ సగాన్నీ విప్పి పెట్టుకుంటారు.

ఇక "స్స్‌స్స్" దగ్గరికి. ఎఫ్ఎం రేడియోలో రెండు స్టేషన్ల మధ్య ఏం వినపడుతుంది? అదే. అంటే సీఏ 3065 మేలుకునే ఉంది, స్పీకరు దాకా తలుపులన్నీ తెరిచే ఉన్నాయి, వచ్చే అతిథే లేడు. 5.5 దగ్గర ఎవరూ తలుపు తట్టట్లేదు. ఎందుకు? మాడ్యులేటరుని తిరగేస్తే అడుగున ఒక చిన్న స్విచ్ ఉంది. అది చైనాలో వాడే పద్ధతి మీద, 6.5 మీద ఉంది. పాపం టీవీ 5.5 దగ్గర చెవి పెట్టుకుని కూర్చుంటే, మాడ్యులేటరు 6.5 దగ్గర నిలబడి మాట్లాడుతోంది. స్విచ్‌ని గోటితో ఇటు జరిపాను.

మాట వచ్చింది. టీవీలో పోయిందేమీ లేదు. నేనే ఒక ఐసీ తీసేసి, ఒక రాగి దారి చింపి పెట్టాను.

పాత టీవీ అనగానే తప్పంతా ముసలిదానిదే అనుకోవడం మనకో దురభ్యాసం. నిన్నగాక మొన్న కొన్న పరికరాన్ని అనుమానించం. ఆ మాడ్యులేటరు నాకింకో పాఠం కూడా చెప్పింది. పరీక్షకి నేను పాటలు పెట్టను, వార్తలు పెడతాను. సంగీతంలో తప్పు దాక్కుంటుంది, మనిషి గొంతులో దాక్కోలేదు. హైదరాబాద్ దూరదర్శన్‌లో 1983లో తెలుగు వార్తలు మొదలైనప్పుడు తొలిగా చదివిన శాంతి స్వరూప్ గారి పాత క్లిప్ ఒకటి పెట్టాను. ఆయన 2024లో పోయారు. ఆ గొంతు ఎలా ఉండాలో నా చెవికి కంఠతా వచ్చు. గొంతు బాగానే ఉంది గానీ, తెర మీద తెల్లటి అక్షరాలు పడ్డప్పుడల్లా వెనకాల "బర్ర్‌ర్" అంటోంది. అక్షరాలు పోగానే అదీ పోతోంది.

గుర్రుకీ బర్రుకీ తేడా ఇక్కడే తెలియాలి. గుర్రు నున్నగా, ఒకేలా, ఎప్పుడూ ఉంటుంది. అది పవర్ సప్లై మాట. ఫిల్టర్ కండెన్సరు నీరసిస్తే 100 హెర్ట్జ్ అలలు లోపలికి జొరబడతాయి. సౌండు సున్నాకి తగ్గించినా గుర్రు తగ్గకపోతే అది వాల్యూమ్ తర్వాత ఎక్కడో పుడుతోంది. బొమ్మ కూడా నడుం తిప్పుతుంటే మెయిన్ ఫిల్టరే, బొమ్మ నిలకడగా ఉంటే సౌండు బోర్డు పక్కనున్న చిన్న కండెన్సరు. బొమ్మని సాక్షిగా పిలిచి అడగొచ్చు, చాలామంది పిలవరు. బర్రు అలా కాదు. గరుకుగా ఉంటుంది, బొమ్మ మారినకొద్దీ మారుతుంది. మన పద్ధతిలో తెర ఎంత తెల్లగా ఉంటే బొమ్మ సిగ్నల్ అంత చిక్కిపోతుంది. మాడ్యులేటరుకి వీడియో మరీ గట్టిగా ఇస్తే, తెల్లటి అక్షరాల దగ్గర అది దాదాపు మాయమౌతుంది. రాసుకోవడానికి రెండోది లేకపోతే 5.5 పుట్టదు, అంటే మాట కింద ఉన్న నేల క్షణక్షణం జారిపోతుంది. ఇది సెకనుకి యాభైసార్లు జరిగితే బర్రు. మాడ్యులేటరు లోపల వీడియో స్థాయి తగ్గించే చిన్న స్క్రూ ఉంటే కొంచెం తిప్పాలి. నేను పావు చుట్టు తిప్పాను. మళ్ళీ టీవీ తప్పు కాదు.

చివరికి టీవీ తప్పు కూడా ఒకటి దొరికింది, దొరక్కపోతే నాకే వెలితిగా ఉండేదేమో. ఇరవై నిమిషాలు నడిచాక మాట ఉన్నట్టుండి పోతుంది. డబ్బా మీద చరిస్తే వస్తుంది. ఇది ప్రతి ఇంట్లో తెలిసిన వైద్యమే. చరిస్తే వచ్చేది పార్టు జబ్బు కాదు, అతుకు జబ్బు. పెన్సిలు వెనక కొనతో ఒక్కో చోటా నెమ్మదిగా తట్టుకుంటూ వెళ్ళాను. 5.5 కాయిల్ డబ్బా దగ్గర తట్టగానే టప్‌మని మాట. బోర్డు తిరగేసి భూతద్దం పెడితే, ఆ కాయిల్ కాలి చుట్టూ సోల్డరులో వెంట్రుకవాసి నల్లటి వలయం, పన్ను చుట్టూ చిగురు వదిలినట్టు. వేడెక్కితే కాలు సాగి వదులౌతుంది, చల్లారితే అతుక్కుంటుంది. ఐరన్ పెట్టి, కొత్త సోల్డరు కాస్త తగిలించాను. ఖర్చు సున్నా. ఆ బోర్డులో ఉన్న కండెన్సర్లన్నీ మార్చి ఉంటే ఈ కాలుని ఎవరూ ముట్టుకునేవారే కాదు.

ఎదుటివాళ్ళ వాదనలోనూ బలం లేకపోలేదు. నలభయ్యేళ్ళ కండెన్సరు ఇవాళ బాగుంటే రేపు పోదా అంటారు. పోతుంది. ఉబ్బినవీ, కారినవీ కనిపిస్తే నేనూ మార్చేస్తాను. కరెంటు లోపలికొచ్చే చోట అడ్డంగా ఉండే పాత కాగితపు కండెన్సరుని చెవి పెట్టి వినను, చూడగానే మారుస్తాను. అది పగిలి పొగ కక్కితే సౌండు మాట దేవుడెరుగు, ఇల్లు మిగలాలి. భద్రత దగ్గర నాకు మొండితనం లేదు. ఆఫ్ చేసిన తర్వాత కూడా పిక్చర్ ట్యూబు 15 వేలకు పైబడిన వోల్టుల్ని పట్టుకుని కూర్చునే రకం. దాన్ని ఎలా డిశ్చార్జి చేయాలో తెలియనివాళ్ళు వెనక డోర్ తీయనే కూడదు. నా గొడవల్లా జబ్బు తెలుసుకోకముందే అన్నీ మార్చే అలవాటు మీద. ఇరవై కండెన్సర్లు మారిస్తే ఇరవై కొత్త అతుకులు. ఒక్కటి ప్లస్ మైనస్ తిరగబడినా అసలు జబ్బుకి నీ జబ్బు తోడౌతుంది, ఏది పాతదో ఏది నువ్వు చేసిందో చెప్పలేవు. మార్చాలనుకుంటే ఒకటి మార్చు, ఆన్ చెయ్యి, విను. తర్వాత రెండోది.

మా బంధువు ఒకాయన ఇంకా ముందుకెళ్ళాడు. ఇలాంటి షట్టరు టీవీకే సౌండు రావట్లేదని లోపలున్నదంతా పీకేసి, బ్లూటూత్ బోర్డు పెట్టి స్పీకరు చేసుకున్నాడు. "చూడు బావా, ఎంత బాగా పలుకుతోందో" అని నాకు చూపించాడు. బాగానే పలుకుతోంది. పీకేసిన బోర్డు ఏదని అడిగితే పాతసామాన్ల వాడికి వేశానన్నాడు. అదీ "స్స్‌స్స్" అనేదా అని అడగాలనిపించింది. భోజనాల వేళ, ఊరుకున్నాను.

ఇప్పుడు మా టీవీ హాల్లో మూలన ఉంది. అమ్మ పాత కార్యక్రమాలేవో పెట్టమంటుంది, వింటూ కునుకు తీస్తుంది. మాట కమ్మగా ఉంది. పని అయిపోయిందనుకున్నాను. మొన్న ఆదివారం మా అమ్మాయి చెవులు మూసుకుంటూ వచ్చింది.

"నాన్నా, ఆ కీచు ఆపవా?"

"ఏ కీచు?"

"టీవీలోంచి. సన్నగా, ఆగకుండా. నీకు వినపడట్లేదా?"

వినపడలేదు. సౌండు పూర్తిగా తగ్గించాను. ఇంకా ఉందంది. అర్థమైంది. తెర మీద 625 గీతలు, సెకనుకి 25 బొమ్మలు, అంటే సెకనుకి 15,625 గీతలు గీయాలి. ఆ లెక్కన కొట్టుకునే లైన్ ట్రాన్స్‌ఫార్మర్ (గీతలు గీసే భాగంలోది) గుండె వదులైతే అదే స్వరంలో కీచుమంటుంది. తెనాలి షాపులో నాకూ వినపడేది. ఎప్పుడు వినపడడం మానేసిందో గమనించుకోలేదు.

ప్లగ్గు పీకి, వెనక డోర్ తీశాను. అమ్మాయిని పక్కన కుర్చీలో కూర్చోబెట్టి అడిగాను: ఎప్పుడూ ఒకేలా ఉందా, బొమ్మ మారితే మారుతోందా? ఆన్ చేసిన వెంటనే వస్తోందా, వేడెక్కాకా?